‘కరిగించాలి’ అని రాసిన కాగితం వెంట జూబ్లీ హిల్స్‌కు

జూబ్లీ హిల్స్ నుంచి తిరిగొచ్చి ఏడాది దాటింది. ఈ ప్రయాణం గురించి రాయమని పద్మజ మేడం అప్పుడే అడిగారు. రాయలేకపోయాను. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట. ఒక పేజీ నింపడానికి ఇప్పటికీ నాకు ఒక పూట పడుతుంది. అయితే ఆలస్యానికి కారణం అది కాదు. నేను రాసిన ఒక మాట ఏం చేసిందో అక్కడ కళ్లారా చూశాక, కలం పడితే చాలు, దీన్ని చదివేవాళ్లు ఏమని చదువుకుంటారో అన్న భయం పట్టుకునేది. కూరగాయల చీటీ రాసి కూడా చించేసేదాన్ని. ఈమధ్యే ఆ భయం కాస్త సద్దుమణిగింది.

నా పేరు నూకరత్నం. కాకినాడలో ఒక ఆసుపత్రి వెనక ఉన్న చిన్న ల్యాబులో పని చేస్తాను. గాజు సామాను కడగడానికి చేరాను. గొట్టాల మీద పేర్లు చదవలేక ఒకసారి రెండు ట్రేలు తారుమారు చేయబోతే, మా ల్యాబు పెద్ద పద్మజ మేడం నన్ను తిట్టలేదు, మర్నాడు పలక కొనిచ్చారు. అక్షరాలు వచ్చాక రక్తం నమూనాలు సిద్ధం చేసే పని అప్పగించారు.

ఆ పనేమిటో చెప్పాలి. కిడ్నీలు పాడవకముందే రక్తంలో ఏ ప్రొటీన్లు పెరుగుతాయో, ఏవి తగ్గుతాయో కనిపెట్టాలని కొందరు డాక్టర్లు వందలమంది రక్తం సేకరిస్తున్నారు. అందులో సగం మా గదిలో సిద్ధమవుతుంది, సగం జూబ్లీ హిల్స్ ల్యాబులో. కొలిచే యంత్రం జూబ్లీ హిల్స్‌లోనే ఉంది, ఒక్కటే. ప్రొటీన్ అంటే ఉండ చుట్టుకుపోయిన దారం అనుకోండి. యూరియా నీళ్లు పోస్తే ఆ ఉండ విడుతుంది. పొలంలో చల్లే యూరియానే, బాగా శుభ్రం చేసినది. తర్వాత ఒక ఎంజైము వేస్తే దారం ముక్కలవుతుంది. యంత్రం ఆ ముక్కల బరువులు తూచి, ఏ ప్రొటీన్ ఎంత ఉందో చెబుతుంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒకే మనిషి రక్తాన్ని రెండు భాగాలు చేసి మేమొకటి, వాళ్లొకటి సిద్ధం చేస్తే యంత్రం రెండు రకాలుగా చెప్పింది. మూడుసార్లు చేసినా అంతే. అలాంటప్పుడు మా సగాన్నీ వాళ్ల సగాన్నీ కలిపి చూడలేరు. అక్కడి పెద్ద శ్రీధర్ సార్ ఫోన్ చేశారు. చేసే మనిషిని ఒకసారి పంపమన్నారు, తమ కళ్ల ముందు చేయించి చూస్తామన్నారు. అప్పుడు తప్పు మా వైపు తేలితే రక్తమంతా హైదరాబాద్‌కే తెప్పించుకుంటారు, మా గదికి తాళం పడుతుంది. మేడానికి ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది. గొట్టాల మీద పేర్లు చదవడం తప్ప వేరే చదువు లేని నాకు దొరకదు.

రైల్లో పెట్టె

థర్మకోల్ పెట్టెలో డ్రై ఐస్ అనే పొడి మంచు మధ్య రక్తం గొట్టాలు పెట్టి, చుట్టూ టేపు వేసి, ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను. వానాకాలం. కాకినాడ వైపు నుంచి ఆ రోజుల్లో థర్మకోల్ పెట్టె హైదరాబాద్ పోతోందంటే చూసినవాళ్లకు ఒకటే ఆలోచన, గోదావరి చేప. సామర్లకోటలో ఎక్కిన ఒక పెద్దాయన సీట్లో సర్దుకోకముందే అడిగాడు.

"పులసాండి?"

"కాదండి."

"మరి రొయ్యలా?"

"ఆయ్, కాదండి."

"అల్లుడికి తీసుకెళ్తున్నారా? చెప్పండి పర్లేదు, మేం లాక్కోం."

"రక్తం అండి," అన్నాను.

ఆయన కాళ్లు పైకి ముడుచుకున్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్య చెంగు నోటికడ్డం పెట్టుకుని, "అడక్కుండా ఉండలేరు కదా, ఇంకా అడగండి," అని నవ్వింది. ఆవిడే తర్వాత నాకు రెండు కాజాలు ఇచ్చి, నేను బాత్‌రూముకు వెళ్లొచ్చేదాకా పెట్టెను తన ఒళ్లో పెట్టుకుంది. చీర మీద పెట్టె చెమ్మ దిగినా ఏమీ అనలేదు. ఆవిడ పేరైనా అడగలేదు నేను.

కృష్ణానగర్

నా బస మా పిన్ని కూతురు దుర్గ గదిలో. దుర్గ ఇరవై ఏళ్ల కిందట హైదరాబాద్ వెళ్లింది. సినిమాల్లో ఆడవాళ్ల బట్టలు చూసే కాస్ట్యూమ్స్ విభాగంలో పని. కృష్ణానగర్‌లో మూడో అంతస్తు, ఒక గది, ఒక అర. మెట్ల మీద ఒక కుర్రాడు సినిమా డాన్సు కోసం ఒకే గెంతు గెంతుతూ ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్క పెట్టుకుంటున్నాడు. దారివ్వమంటే, "ఒక్క ఎనిమిది అయిపోనివ్వండి ఆంటీ," అన్నాడు. అయ్యేదాకా పెట్టె పట్టుకుని నిలబడ్డాను.

కింద టిఫిన్ బండి దగ్గర ప్లేటు ఇడ్లీ పన్నెండు రూపాయలు. మా ఊళ్లో అప్పటికి ఎనిమిదే. పల్లీ చట్నీ ఎంత అడిగితే అంత పోస్తారు గానీ, కారప్పొడి, నెయ్యి అడిగితే మాత్రం బండి అతను నన్ను ఎగాదిగా చూశాడు. తింటుండగా పెట్టె మూత సందులోంచి తెల్లటి పొగ బయటికొచ్చింది. బండి దగ్గర టీ తాగుతున్న ఇన్‌స్పెక్టర్ ఒకరు అది చూసి, "ఏంటమ్మా అది?" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. సంచిలోంచి మేడం ఇచ్చిన ఉత్తరం తీసి రెండు చేతులతో అందించాను. ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివి, మడిచి, తలాడించి, "సరే, వెళ్లండి. జాగ్రత్త," అన్నారు. నమస్కారం పెట్టాను.

దుర్గ వచ్చి ఆయన భుజం మీద ఒకటి చరిచింది. "మా అక్కనేనా నువ్వు బెదిరించేది? అక్కా, ఈయన టోపీ, లాఠీ, రెండూ మా కంపెనీవే. సాయంత్రానికి తిరిగివ్వాలి."

ఆయన సిగ్గుపడి నా ఇడ్లీకి డబ్బులిచ్చాడు. "లెటర్ చాలా బాగా రాశారండి," అని మెచ్చుకున్నాడు కూడా.

గేట్ల వీధి

కృష్ణానగర్ నుంచి జూబ్లీ హిల్స్ ఎక్కడం పది నిమిషాల పని. కానీ ఆ పది నిమిషాల్లో మనుషులు మాయమవుతారు. కింద భుజం భుజం తగలకుండా నడవలేం. పైన రోడ్డు మీద నడిచేది నేనొక్కదాన్నే. ఇళ్లు కనిపించవు, గేట్లు కనిపిస్తాయి. కార్లు వస్తాయి, గేటు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల తెల్ల బండ్లు వరసగా పోతుంటాయి, లోపల అందరూ నిద్రలో. మా ఊళ్లో దాహమేస్తే ఏ అరుగు మీదైనా కూర్చుని కేకేస్తే నీళ్లిస్తారు. ఇక్కడ నాలుగు గేట్ల దగ్గర అడ్రసు అడిగితే నలుగురు వాచ్‌మెన్‌లూ ఒకటే మాట అన్నారు: "ఎవరింట్లో పని?" నాలుగో అతను మాత్రం నా మొహం చూసి లోపలికెళ్లి చల్లటి నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. సీసా తిరిగిచ్చేయబోతే, ఉంచుకోమన్నాడు.

ల్యాబు ఒక పాత బంగళా. అద్దెకు తీసుకుని లోపలంతా మార్చారు. యంత్రం ఉన్నది ఒకప్పటి పూజగదిలో. నమూనాలు సిద్ధం చేసేది వంటగదిలో. అదే నల్లరాతి గట్టు, పొయ్యి ఉండే చోట తూనిక. యంత్రం వేడెక్కకూడదని ఇల్లంతా ఏసీ పెట్టారు. ఆ వంటగదిలో అడుగుపెట్టగానే నా పళ్లు టకటకలాడాయి.

గట్టు దగ్గర నా వయసే ఉన్న ఒకామె స్వెట్టర్ వేసుకుని నిలబడి ఉంది. ఆమె యాదమ్మ. అక్కడ నా పని చేసేది ఆమే.

"రా అమ్మా, రా. మూడు నెల్ల సంది నీ చేతిరాత చూస్తున్న. మనిషిని గిప్పుడు చూస్తున్న," అంది.

ఆమె చూపించిన వైపు చూశాను. గట్టు పైన గోడకు, ప్లాస్టిక్ తొడుగులో, నా కాగితం. పని ఎలా చేయాలో తెలుగులో నేను రాసుకున్నది. యాదమ్మకు ఇంగ్లీషు రాదని మేడం దాన్ని జిరాక్స్ తీసి ఇక్కడికి పంపారని తెలుసు గానీ, ఇలా గోడెక్కిందని తెలియదు. నా ‘క’కు తలకట్టు ఎప్పుడూ పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన ఆ తలకట్లన్నీ అంత పెద్ద ఇంట్లో గోడ మీద కనిపిస్తే, దగ్గరికెళ్లి ప్లాస్టిక్ పైనుంచే వేలు పెట్టి చూసుకున్నాను. నా పేరు మీద పట్టా ఇచ్చినా అంత సంతోషపడేదాన్ని కాదు.

ఆ రోజు శ్రీధర్ సార్ పక్కన నిలబడి చూస్తుండగా నా పని నేను చేశాను. యూరియా పొడి గొట్టంలో పోసి, గీత దాకా నీళ్లు పోసి, చేత్తో ఊపాను. మా కాకినాడ ఉక్కలో పది నిమిషాల్లో అయ్యే పని ఆ చలిలో గంట పట్టింది. యూరియా నీళ్లలో పడగానే గొట్టం మంచుముక్కలా చల్లబడుతుంది. గది కూడా చల్లగా ఉంటే అడుగున పలుకులు అలాగే కూర్చుంటాయి. చేతులు లాగేశాయి. సార్ మర్యాదస్తుడు, కుర్చీ వేయించారు. తప్పేమీ కనిపించలేదన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో సంతోషం లేదు. నా చేతిలో తప్పు లేకపోతే తప్పు ఎక్కడున్నట్టు?

మధ్యాహ్నం యాదమ్మ తన డబ్బా విప్పింది. సర్వపిండి అని బియ్యప్పిండి రొట్టె, అన్నం, ఇంకో గిన్నెలో పులుసు. పులుసు నోట్లో పెట్టుకుంటే చల్లగా, పుల్లగా, ఉల్లిపాయ ముక్కలు కరకరమంటూ తగిలాయి.

"ఇది కాయడం మర్చిపోయావా?" అన్నాను.

"పచ్చి పులుసమ్మా! పచ్చి పులుసును ఎవరన్న కాస్తరా?"

"మాకు పులుసంటే కాగాల్సిందే."

"అందుకే గావచ్చు, మీ దిక్కోల్లు అంత గరం మీదుంటరు," అని పకపక నవ్వింది. "ఇంగోటి అడుగుత. ఏమన్నా ‘ఆయ్’ అంటవేందమ్మా? ఏమన్న కుట్టిందా అని నేను కింద మీద జూస్తున్న."

ఆయ్ అంటే మా వైపు మర్యాద మాట, అవునని అర్థమని చెప్పాను. ఆ పూటంతా ఆమె నాకు ఆయ్ అనే జవాబిచ్చింది. ఆ పచ్చి పులుసు మాత్రం గిన్నె ఖాళీ చేశాను.

వేడి నీళ్ల తొట్టి

రెండో రోజు యాదమ్మ వంతు. అదే రక్తం. ఆమె పొడి తూచింది, గొట్టంలో పోసింది, నీళ్లు పోసింది, మూత బిగించింది. అంతవరకు అచ్చు నా చేయే. తర్వాత ఆ గొట్టాన్ని తీసుకెళ్లి పక్కన ఆవిర్లు కక్కుతున్న వేడి నీళ్ల తొట్టిలో నిలబెట్టి, చేతులు తుడుచుకుంది.

"అందులో పెట్టావేంటి యాదమ్మా?"

"కరగాలె గద."

"ఊపితే కరుగుతుంది కదా."

"ఊపితే కలుస్తది. కరగాలంటే కాగాలె. నెయ్యి ఎట్ల కరుగుతది? మైనం ఎట్ల కరుగుతది?" నేను అలాగే నిలబడిపోవడం చూసి ఆమెకు అనుమానం వచ్చింది. "ఏందమ్మా గట్ల జూస్తవ్? నువ్వే గద రాసినవ్!"

వేలు గోడ వైపు చూపించింది. మూడో వాక్యం. ‘యూరియా పొడిలో గీత వరకు నీళ్లు పోసి, పూర్తిగా కరిగించాలి.’

మా ఇంట్లో ఉప్పు నీళ్లలో కరుగుతుంది, నెయ్యి పొయ్యి మీద కరుగుతుంది. రెండిటికీ మనకు ఒకటే మాట. రాసేటప్పుడు నా మనసులో ఉన్నది ఉప్పు. ఆ చలిగదిలో గొట్టం అడుగున గడ్డకట్టిన పలుకులు చూసి ఆమెకు గుర్తొచ్చింది నెయ్యి. వేడి తగిలితే యూరియా పాడై ప్రొటీనుకు అంటుకుంటుందని మా మేడం నాకు మొదటి వారమే చెప్పారు; ఎండ పడే కిటికీ పక్కన గొట్టం పెడితే కసిరారు కూడా. నాకు బాగా తెలిసిన సంగతి. అందుకే రాయలేదు.

"ఎంతసేపు ఉంచుతావు?" అన్నాను.

"కరిగేదంక. ఒక్కోనాడు పావుగంట. పని మస్తుంటె గంట. ఎక్కువ కరిగితె మంచిదే గద?"

సాయంత్రం వెళ్లబోతుంటే శ్రీధర్ సార్ అడిగారు. "ఏమైనా తేడా కనిపించిందా నూకరత్నం గారూ? మొహమాటపడకండి. యాదమ్మ చేతిలోనే ప్రాబ్లం అయితే ఒకటో తారీఖు నుంచి ఏజెన్సీ వాళ్లని వేరే మనిషిని పంపమంటాను. మీ వైపు క్లియర్ అయిపోతుంది."

మా వైపు క్లియర్ అయిపోతుంది. మా గది తాళం తప్పుతుంది. నేను చేయాల్సిందల్లా ‘ఆమె వేడి నీళ్లలో పెడుతోందండి’ అని ఒక్క ముక్క చెప్పి, కాగితం ఊసెత్తకుండా రైలెక్కడం.

"రేపు చెబుతానండి," అన్నాను.

దుర్గ పుస్తకం

దుర్గ గదిలో బల్ల మీద ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. ప్రతి పేజీలో ఫోటోలు అంటించి, పక్కన రాతలు. సినిమాలో ఒక సీను సగం ఇవాళ తీస్తారట, మిగతా సగం నెల తర్వాత. తెర మీద అది ఒకే నిమిషం. కాబట్టి ఆ రోజు కట్టిన చీర, పెట్టిన పిన్ను, చెదిరిన కొంగు, అన్నీ మళ్లీ అలాగే రావాలి. దాన్ని వాళ్లు కంటిన్యుటీ అంటారు.

అన్నం తింటూ నా గొడవ చెప్పాను.

"చెప్పకు," అంది దుర్గ వెంటనే. "వేడి చేసింది ఆవిడ. నువ్వు కాదు. నీ పని చూసుకుని వచ్చేయ్ అక్కా."

"కాగితం నాదే కదే."

"కాగితాన్ని ఎవరు అడిగారు?"

నేను చేయి కడుక్కొచ్చాను. ఆ పుస్తకం పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. ఒకచోట ‘ఎడమ చేయి, ఆరు గాజులు’ అని రాసి, దాని కింద ఆరు గాజులు ఏది ముందో ఏది వెనకో వరసగా రాసి ఉంది.

"ఇంత ఎందుకు?" అన్నాను.

"నాకు జ్వరమొస్తే ఇంకొకతి వచ్చి నా బుక్కు చూసి వేయాలి కదా. నాకు గుర్తుందనుకుని వదిలేస్తే దానికెలా తెలుస్తుంది?" అంది. తర్వాత కంచంలోకి చూస్తూ చెప్పింది. "ఒకసారి వదిలేశానులే. హీరోయిన్‌కి బొట్టు అని రాశాను. కుంకుమో స్టిక్కరో రాయలేదు. నేను లేని రోజు అసిస్టెంట్ స్టిక్కర్ పెట్టింది. రెండు రోజుల షూటింగ్ పాడైంది. ఆ పిల్లని పంపించేశారు. నేను నోరెత్తలేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఇప్పటికీ గణపతి కాంప్లెక్స్ దగ్గర ఎదురుపడితే నమస్తే అక్కా అంటుంది. నేనే సందులోకి తిరుగుతాను."

పొద్దున వెళ్లేటప్పుడు దుర్గ నా కొంగుకు పిన్ను పెట్టి, "చెప్పేయ్ అక్కా," అంది.

మెట్ల మీద

మూడో రోజు శ్రీధర్ సార్ గదిలో, యాదమ్మ ఎదురుగానే చెప్పాను. ముందు గొట్టం సంగతి, తర్వాత కాగితం సంగతి. ఆ మాట నేనే రాశానని, ఆమె చదివినట్టే చేసిందని, నాకు తెలిసిన దాన్ని కాగితం మీద పెట్టకపోవడం నా తప్పని చెప్పాను.

సార్ లేచి వంటగదిలోకి వెళ్లి ఆ కాగితం ముందు నిలబడి మొదటిసారి పూర్తిగా చదివారు. చాలాసేపు చదివారు.

"దీన్ని ఇక్కడ పెట్టించింది నేనే," అన్నారు. "ఒక్కసారి కూడా చదవలేదు. ఇంగ్లీషులో ప్రొటోకాల్ నాకు తెలుసు కదా అనుకున్నాను." తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. "వేడెక్కిన యూరియా అంటుకుంటే ఆ ముక్క బరువు పెరుగుతుంది. మిషన్ దాన్ని వేరే ముక్క అనుకుంటుంది. ఆ మార్పు ఉందేమో వెతకమని సాఫ్ట్‌వేర్‌కి నేను చెప్పనే లేదు. చెప్పనిది అది వెతకదు."

మా మేడానికి ఫోన్ కలిపారు. స్పీకర్‌లో మేడం గొంతు వినిపించింది. "ఆ షీటు చూసి సరిగ్గా ఉందని సంతకం చేసి పంపింది నేను. నూకరత్నం ఒక్కదాని మీద పెట్టకండి శ్రీధర్."

ఆ ఇద్దరూ అలా తలా కాస్త తీసుకుంటారని నేను అనుకోలేదు. ఈ వయసులో నాకు దక్కిన గౌరవాల్లో అది పెద్దది.

యాదమ్మ మాత్రం బయటికి వెళ్లిపోయింది. వెతుక్కుంటూ వెళ్తే వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. పక్క బంగళాలో షూటింగ్. ఒకతను మెట్లు దిగి వస్తాడు, ‘వన్ మోర్’ అని కేక, మళ్లీ పైకెక్కుతాడు. ఎక్కిన ప్రతిసారీ ఒకామె చెంబుతో అతని చొక్కా భుజం మీద అన్నే నీళ్లు పోస్తోంది.

"మూడు నెల్లు," అంది యాదమ్మ నా వైపు చూడకుండా. "మూడు నెల్ల సంది గీ సలిల చేతులు కొయ్యబారంగ చేసిన. అంత దండగేనా?"

"దండగే," అన్నాను.

"ఒక్క మాట ఎక్కువ రాస్తే నీ సొమ్మేం పోతుండె?"

"ఏం పోదు. రాయాల్సింది."

ఆ మధ్యాహ్నం ఆమె డబ్బా విప్పలేదు. నేనూ తినలేదు. పక్క బంగళాలో అతను ఎన్నోసారో మెట్లు దిగాడు. ఈసారి కేక పడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. యాదమ్మ ముక్కు తుడుచుకుని లేచింది.

"లే. గీడ కూసుంటే అయితదా? నువ్వు ఊపుడెట్లనో సూపియ్యి. చేతులు నొస్తే నీ మీదనే పడ్త."

కిటికీ అద్దం

నాలుగు గొట్టాలు చేశాం. వేడి చేసి ఆమె ఒకటి, నేనొకటి. వేడి చేయకుండా ఆమె ఒకటి, నేనొకటి. సార్ పేర్లు తీసేసి అంకెలు అంటించారు, యంత్రం దగ్గర కూర్చునే అమ్మాయికి ఏది ఎవరిదో తెలియకూడదని. యంత్రం చెప్పేదాకా మర్నాడు సాయంత్రం వరకు ఆగాలి. నాలుగో రోజంతా యాదమ్మా నేనూ గాజు సామాను కడుగుతూ కూర్చున్నాం. ఇల్లంతా కడిగేశాం.

సాయంత్రం సార్ నాలుగు కాగితాలు తెచ్చారు. కాగితం నిండా కొండలు, లోయలు. నాకు అర్థం కాదని చెప్పాను. "అర్థం కానక్కర్లేదు, చూడండి," అని రెండు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించారు. వెలుతురులో రెండు కాగితాల కొండలూ ఒకే కొండ అయిపోయాయి.

"ఇవి వేడి చేయనివి. ఒకటి మీది, ఒకటి యాదమ్మది."

"నాదేది?" అంది యాదమ్మ.

సార్ వెనక అంకెలు చూసి చెప్పబోయి ఆగారు. "చూసి చెప్పు."

ఇద్దరం ముక్కులు అద్దానికి ఆనించి చూశాం. చెప్పలేకపోయాం. యాదమ్మ నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కింది. వేడి చేసిన రెండూ మాత్రం వీటితో కలవలేదు, వాటిలో అవి కూడా కలవలేదు. నేను వేడి చేసినా అంతే పాడైంది. చేయి ఎవరిదన్నది తేడా కానే కాదు.

మా గది సంగతి సార్ తనంతట తానే ఎత్తారు. "రెండు చోట్లా చేద్దాం. ఇంక మూసే మాట లేదు." యాదమ్మ స్థానంలో వేరే మనిషి మాట కూడా మళ్లీ రాలేదు. అయితే ఆమె మూడు నెలలుగా చేసిన గొట్టాలన్నీ పారేయాల్సి వచ్చింది. చాలామంది రక్తం ఇంకో గొట్టంలో దాచి ఉంది, మళ్లీ చేయొచ్చు. కొందరిది లేదు. వాళ్ల ఇళ్లకు వెళ్లి ఇంకోసారి చేయి చాపమని అడగాలి. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

కొత్త కాగితం

ఐదో రోజు కొత్త కాగితం రాశాం. నేను రాస్తుంటే యాదమ్మ ప్రతి మాటకూ అడ్డం పడింది.

"‘వేడి తగలకూడదు’ అంటవ్. ఎండకు పెట్టొచ్చా?"

ఎండ కూడా రాశాను.

"‘చేతితో ఊపాలి’ అంటవ్. ఎంతసేపు?"

‘అడుగున ఒక్క పలుకు కూడా కనిపించనంత వరకు. చలిగదిలో గంట పట్టవచ్చు. కంగారు పడి వేడి నీళ్లలో పెట్టకూడదు’ అని రాశాను.

"అంటే పచ్చి పులుసు లెక్క అన్నట్టు. పిసికి కలపాలె, పొయ్యెక్కియ్యొద్దు. గదే రాయ్, అందరికి సమజైతది."

"మా వైపు వాళ్లకు పచ్చి పులుసు తెలియదు కదా."

"ఆయ్," అంది గంభీరంగా. ఇద్దరం నవ్వి నవ్వి గట్టు మీద ఒరిగిపోయాం. సార్ తొంగిచూసి వెళ్లిపోయారు.

‘కరిగించాలి’ అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. కింద ఇద్దరి పేర్లూ రాశాను. యాదమ్మ తన పేరు తానే రాస్తానని కలం లాక్కుంది.

రైలెక్కించడానికి దుర్గ, యాదమ్మ ఇద్దరూ వచ్చారు. యాదమ్మ సర్వపిండి మూట కట్టింది. దారి పొడుగునా నేను తలుచుకున్నది ఆ ఐదు రోజుల్లో నాకు నీళ్లు, కాజాలు, కుర్చీ, సగం డబ్బా ఇచ్చిన మనుషుల్ని. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లిన ఊరు నన్ను ఇంత బాగా చూసుకుంటుందని ఎవరనుకుంటారు?

కాకినాడలో

చేరేసరికి మధ్యాహ్నం. మేడం కొత్త కాగితం చదివి, బాగుందన్నారు, సంతకం చేయబోయారు. ఒక్క రోజు ఆగమన్నాను.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే వరలక్ష్మిని ల్యాబులోకి పిలిచాను. ఏడో తరగతి చదివింది. యూరియా గొట్టం ఎన్నడూ ముట్టుకోలేదు. కాగితం ఆమె చేతికిచ్చి, ఇందులో ఉన్నట్టే చేయమని, నన్నేమీ అడగొద్దని చెప్పి, స్టూలు మీద చేతులు ముడుచుకుని కూర్చున్నాను. మొదటి వాక్యం చేసింది. రెండోది చేసింది. మూడోది పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివి, నీళ్ల సీసా ఎత్తి పట్టుకుని ఆగిపోయింది.

"గీత వరకు అంటే, గీత మునగాలా పిన్నీ, గీత కిందే ఆగాలా?"

నోటిదాకా వచ్చిన జవాబు మింగేశాను. కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని, ఆ వాక్యం కొట్టేసి, మళ్లీ రాసి ఇచ్చాను.